కావలి బొర్రయ్య: ఒక స్వల్పజీవితమునకు మిగిలిన సాక్ష్యములు

వంశచరిత్ర వ్రాయబూనిన వారికి దీర్ఘాయువు గల పూర్వులు సులభముగా దొరకుదురు. భూమి కొన్నవాని పేరు దస్తావేజులో నుండును. ఆస్తి పంచినవాని పేరు పంపకపు కాగితములో నుండును. వ్యాజ్యమాడినవాని పేరు తీర్పులో నుండును. మనుమలను చూచినవాని పేరు మనుమనికే వచ్చి ఇంటిలో మరల వినబడుచుండును. ఇరువది, ముప్పది ఏండ్లు మాత్రమే జీవించి గతించినవాడు ఈ నాలుగింటిలోను సాధారణముగా కానరాడు. వంశవృక్షమున ఒక కొమ్మ చివర వాని పేరు నిలిచి, దాని ప్రక్కన చిన్నతనముననే పోయెనను ఒక్క మాట మిగులును. మరి రెండు తరములు గడచిన పిదప ఆ మాటయు మిగులదు.

అయినను ఒక కుటుంబము స్వస్థలము విడిచి దూరదేశమునకు పోవుటకు గాని, క్రొత్త విద్యను పట్టుటకు గాని, క్రొత్త వృత్తిలో ప్రవేశించుటకు గాని మూలమైనవాడు ఒక్కొక్కప్పుడు అట్టి అల్పాయుష్కుడే యగును. వాని జీవితమును మరల కూర్చుట సాధ్యమా? సాధ్యమైనచో ఏ పత్రములనుండి, ఏ పద్ధతిని? ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణము ఏలూరునుండి బయలుదేరి చెన్నపట్టణము చేరిన కావలివారి చరిత్రలో కలదు. ఆ కుటుంబమున 1776లో జన్మించి 1803లో గతించిన వెంకట బొర్రయ్య ఇరువదియేడేండ్లైనను నిండెనో లేదో చెప్పజాలని వయస్సున లోకము విడిచెను. అయినను దక్షిణదేశ చరిత్రకు ఆకరమైన మెకంజీ సంగ్రహమునకు తొలి పునాది వేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయనను గూర్చి నేడు తెలిసినదానిలో అధికభాగము ఇతరులు వ్రాసిన కాగితములనుండి వచ్చినదే. ఆ కాగితములు ఎట్టివో, వానిని ఒకదానితో నొకటి ఎట్లు సరిచూడవలెనో తెలిసికొనుట, తమ యింటి పూర్వులను వెదకు తెలుగువారందరికి ప్రయోజనకరము.

మూడు తరముల జ్ఞాపకము

మన యిండ్లలో పూర్వుల జ్ఞాపకమును నిలుపు మొదటి సాధనము శ్రాద్ధము. అందు తండ్రి, తాత, ముత్తాత అను ముగ్గురు వసురుద్రాదిత్య రూపులుగా పేరు చెప్పి స్మరింపబడుదురు. నాలుగవ తరమువాడు ఆ వరుసనుండి జారిపోవును. సంతానము లేక పోయినవాడు, లేదా అన్నదమ్ములలో నొకడుగా చిన్న వయస్సున పోయినవాడు, ఆ నేరు వరుసలో మొదటనే చేరడు. కావున నిత్యమైన పితృస్మరణములో అల్పాయుష్కుడు ఇతరులకంటె ముందుగా మరపునకు లోనగును.

కాని అదే సంప్రదాయములో వానికొక చోటు ఉన్నది. భాద్రపద బహుళమున వచ్చు మహాలయపక్షములో తర్పణము చేయునపుడు పెదతండ్రులు, పినతండ్రులు, సోదరులు, మేనమామలు మొదలగువారిని కారుణ్య పితరులుగా గోత్రనామములతో చెప్పుదురు. పేర్లు మరువకుండుటకై అనేక కుటుంబములలో ఈ వరుసను ఒక కాగితముమీదనో పంచాంగపు అట్టలోపలనో వ్రాసి ఉంచుదురు. వంశవృక్షమున లేని పేరు ఈ పట్టికలో దొరకవచ్చును. పెదతండ్రి లేడని ఇంటిలో అందరు చెప్పుచుండగా, తాతగారి మహాలయపు పట్టికలో పితృవ్యుని పేరు ఉన్నచో, అది వెదకదగిన జీవితమని గ్రహింపవలెను.

తద్దినపు తిథి మరియొక సాక్ష్యము. అది మాసమును, పక్షమును, తిథిని తప్పులేకుండ కాపాడును; సంవత్సరమును మాత్రము చెప్పదు. జాతకచక్రము సాధారణముగా జన్మసంవత్సరమును చెప్పును, మరణమును చెప్పదు. ఈ రెండును ఇంటిలోనే ఉన్నను వీనిని ఒకచోట చేర్చినవారు అరుదు. జీవితము రెండు అంచులు గల వస్త్రమైనచో, ఒక అంచు జాతకములోను, రెండవ అంచు తద్దినములోను ఉన్నది. నడుమనున్న నేత ఇంటి వెలుపలి కాగితములలో దొరకవలెను. బొర్రయ్య విషయమున జరిగినది ఇదియే.

తమ్ముడు వ్రాసిన అన్న జీవితము

బొర్రయ్యకు గల తమ్ములలో లక్ష్మయ్య, రామస్వామి అను ఇద్దరు ప్రసిద్ధులు. వీరిలో వెంకట రామస్వామి ఆంగ్లమున గ్రంథములు రచించి కలకత్తాలో ముద్రింపించెను. వేంకటాధ్వరి సంస్కృత కావ్యమగు విశ్వగుణాదర్శమునకు ఆయన చేసిన ఆంగ్లానువాదము 1825లోను, దక్కను నగరములను గూర్చిన గ్రంథము 1828లోను, దక్కను కవుల జీవితములను గూర్చిన గ్రంథము 1829లోను వెలువడెను. ఈ కడపటి గ్రంథములో పూర్వకవుల సరసన ఆయన తన అన్నకు చోటు కల్పించెను. అది ముద్రిత గ్రంథమే యైనను స్వభావముచేత కుటుంబ పత్రమే. అన్న ఎచట పుట్టెను, ఏయే భాషలు నేర్చెను, ఎవరి కొలువున చేరెను అను విషయములు ఇంటివానికి తెలిసినట్లు ఇతరులకు తెలియవు.

ఇట్టి రచనను చదువునపుడు రెండు సంగతులు మనసున నుంచుకొనవలెను. మొదటిది కాలవ్యవధానము. బొర్రయ్య పోయిన ఇరువదియారేండ్లకు గాని ఈ వృత్తాంతము అచ్చుకాలేదు. రెండవది అనురాగము. చిన్న వయస్సున పోయిన అన్నను తలచుకొని తమ్ముడు వ్రాయునపుడు బుద్ధివిశేషము కొంత పెరిగి కనబడుట సహజము. అందుచేత ఊరు, సంవత్సరము, కొలువు వంటి సంగతులకు ఒక తూకమును, ప్రతిభను గూర్చిన ప్రశంసకు వేరొక తూకమును వాడవలెను. మొదటి తరగతి సంగతులను ఇతర సాక్ష్యములతో సరిచూడవచ్చును. రెండవ తరగతి మాటలకు ఇంటివారు కానివారి సాక్ష్యము కావలెను. బొర్రయ్యకు అట్టి సాక్ష్యము గూడ లభించుట ఆయన అదృష్టము.

కొలువిచ్చినవాని లేఖ

కాలిన్ మెకంజీ స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున పుట్టి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగిగా భారతదేశమునకు వచ్చెను. ఆయన ఇంజనీరు, భూములను కొలిచి పటములు గీయుట ఆయన వృత్తి. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప మైసూరు రాజ్యమును సర్వే చేయు పని ఆయనకు అప్పగింపబడెను. ఆ సర్వే 1810 వరకు సాగెను. 1815లో ఆయన భారతదేశమునకు మొదటి సర్వేయర్ జనరలుగా నియమింపబడి, 1821లో కలకత్తాలో మరణించెను.

ఈ మెకంజీ 1817 ఫిబ్రవరి 1వ తేదీన సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు ఒక సుదీర్ఘమైన లేఖ వ్రాసెను. తాను పుస్తకములను, శాసనములను ఎట్లు సేకరింపగలిగెనో అందు వివరించెను. భారతీయ విద్యలోనికి తనకు ద్వారము తెరచినవాడు ఒక బ్రాహ్మణ యువకుడని, అతడు బొర్రయ్య యని, 1796 తరువాతనే తన పరిశోధనకు దారి ఏర్పడెనని చెప్పెను. ఆ యువకుని చురుకైన బుద్ధిని, ఎల్ల మతములవారిని, ఎల్ల తెగలవారిని విచారణకు ఒప్పింపగల సౌమ్యస్వభావమును మెచ్చుకొనెను. ఏడేండ్ల సేవ తరువాత అతడు అకస్మాత్తుగా పోయెనని, అయినను అంతలోనే తన తమ్ములను, వివిధ కులములకు చెందిన మరికొందరిని ఈ పనికి తయారుచేసి పోయెనని తెలిపెను.

ఈ లేఖ పదునాలుగేండ్ల తరువాత వ్రాయబడినది. అయినను దీనిలోని లెక్కను గమనింపుడు. 1796కు ఏడు చేర్చినచో 1803 వచ్చును. ఆనాటికి బొర్రయ్య దాదాపు బాలుడే యని మెకంజీ వ్రాసెను. జన్మసంవత్సరము 1776 అయినచో కొలువున చేరునాటికి ఆయనకు ఇరువదియేండ్లు. తమ్ముని కథనమును, దొరగారి లేఖను వేర్వేరు కాలములలో, వేర్వేరు ప్రయోజనములకై వ్రాసిరి. అయినను రెండింటి లెక్కలును ఒకదానికొకటి సరిపోవుచున్నవి. కుటుంబ చరిత్రలో ఒక సంవత్సరము స్థిరపడుట యనగా ఇదియే: ఒక కాగితము చెప్పిన సంఖ్యను దానితో సంబంధము లేని వేరొక కాగితము సమర్థింపవలెను.

ఆ ఏడేండ్ల పని ఎట్టిదో ఆ లేఖయే కొంత సూచించుచున్నది. భూమిని కొలుచుటకు గొలుసు చాలును. ఊరి చరిత్రను కొలుచుటకు ఊరివారి నమ్మకము కావలెను. తామ్రశాసనము ఇంటి పెట్టెలో నుండును; దానిని చూపినచో మాన్యము పోవునేమో యని భయము. కరణము కవిలెకట్టను క్రొత్తవానికి విప్పి చూపడు. మఠాధిపతి తన మఠపు పరంపరను అన్యమతస్థునికి చెప్పుటకు సంకోచించును. ఇట్టివారిని ఒప్పించి, విన్నదానిని వ్రాసి, వ్రాసినదానిని దొరకు తెలియజెప్పుట బొర్రయ్య కర్తవ్యము. శిలాతామ్రశాసనములు భూమి హక్కుల చరిత్రకు ఆధారములగునని గ్రహించుట, వీరకల్లుల, మాస్తికల్లుల అర్థము తెలియుట, జైనమతము బౌద్ధమునకు భిన్నమని తేల్చుట తన సేకరణ వలన కలిగిన ఫలములని మెకంజీ ఆ లేఖలో పేర్కొనెను. ఈ ఫలములకు మార్గము వేసినవారిలో మొదట చెప్పదగినవాడు బొర్రయ్య.

మరణానంతరము అచ్చైన వ్యాసము

మూడవ సాక్ష్యము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారి పరిశోధన సంపుటములలో తొమ్మిదవది. కలకత్తా ప్రతిమీద 1807వ సంవత్సరము ఉన్నది. అందు జైనులను గూర్చి మెకంజీ పేర ప్రకటింపబడిన వ్యాసభాగమున, ఒక జైన గురువునుండి సంగ్రహించిన విషయములను కావలి బొర్రయ్య అను బ్రాహ్మణుడు మెకంజీ కొరకు అనువదించెనని స్పష్టముగా వ్రాయబడియున్నది. అదే సంపుటములో జైనులను గూర్చి బుకానన్ దినచర్యలోని భాగములును, కోల్‌బ్రూక్ వ్రాసిన పరిశీలనమును కలవు. యూరోపియను పండితులు జైనమతమును ప్రత్యేకమతముగా తెలిసికొనుచున్న తొలి కాలమునకు చెందిన రచనలివి. వాని మధ్య ఒక తెలుగు యువకుని పేరు అచ్చుపడుట సామాన్య విషయము కాదు.

ఆ చిన్న శీర్షిక కుటుంబ చరిత్రకారునకు ఎన్ని సంగతులు చెప్పుచున్నదో చూడుడు. అనువదించెనను మాటచేత ఆయనకు ఆంగ్లము తెలియునని సిద్ధించుచున్నది. జైన గురువునుండి యను మాటచేత, మత భేదమును పాటింపక వినగల ఓర్పును గూర్చి మెకంజీ చేసిన ప్రశంసకు ఒక దృష్టాంతము లభించుచున్నది. బ్రాహ్మణుడను మాటచేత అదే పేరుగల వేరొకరితో పొరబడు ప్రమాదము తగ్గుచున్నది. ఇక సంపుటముమీది సంవత్సరము ఒక హెచ్చరిక. 1807లో అచ్చైన రచనను చూచి ఆ సంవత్సరమున రచయిత జీవించియున్నాడని తలచినచో నాలుగేండ్ల తప్పు దొర్లును. ముద్రణకాలము వేరు, రచనాకాలము వేరు. అల్పాయుష్కుల విషయమున ఈ భేదము మరింత ముఖ్యము. వారి రచనలు పెక్కుసారులు ఇతరుల చేతిమీదుగా ఆలస్యముగా వెలువడును.

ఒకే పొడి అక్షరములు, ఒక వర్ణచిత్రము

కావలి సోదరుల పేర్లు చెప్పునపుడు ఇంటిపేరు ఒకటే, నడుమనున్న వెంకట శబ్దమును ఒకటే. ఆంగ్ల కాగితములలో ఇది సి. వి. అను రెండు పొడి అక్షరములుగా మారినది. అక్షరక్రమమును స్థిరముగా ఉండలేదు. బొర్రయ్య పేరు ఒకచోట బోరియా యనియు, వేరొకచోట బోరయ్య యనియు చదువదగినట్లు అచ్చైనది. లక్ష్మయ్య పేరు లెచ్‌మియా, లచ్మయ్య యని పలు రూపములు దాల్చినది. కావలి యను ఇంటిపేరు ఆంగ్ల లిపిలో కవెల్లి యని చదువునట్లుండుటచేత, తెలుగువాడే దానిని చూచి తన ఇంటిపేరని గుర్తింపలేకపోవచ్చును. తమిళ, కన్నడ, ఒరియా, మరాఠీ ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములకు ఈ చిక్కు బాగుగా తెలిసినదే. ఒకే తాత పేరు బడి పట్టికలో ఒక రీతిని, రెవెన్యూ లెక్కలో వేరొక రీతిని, శుభలేఖలో మూడవ రీతిని కనబడుచుండును. వెదకువారు ముందుగా తమ ఇంటిపేరునకు సాధ్యమైన రూపములన్నింటిని ఒక కాగితముమీద వ్రాసికొని, పిదప పుస్తకములు తెరువవలెను.

ఇంటిపేరు నుండి స్వస్థలమును ఊహించుటలోను జాగ్రత్త కావలెను. నెల్లూరు సీమలో కావలి యను పట్టణము కలదు గనుక ఈ కుటుంబము అచటిదని ఎవరైనను తలపవచ్చును. కాని బొర్రయ్య కుటుంబము వాసముండినది ఏలూరున. ఇంటిపేరు ఎంతో పూర్వపు నివాసమునో, వృత్తినో, మరియొక కారణమునో సూచింపవచ్చును. అది జన్మస్థల ధ్రువపత్రము కాదు.

పొరపాటునకు ఇంకొక ద్వారము చిత్రము. 1816లో థామస్ హికీ అను చిత్రకారుడు చెన్నపట్టణమున మెకంజీ చిత్రమును రచించెను. అది నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. అందు ఎఱ్ఱని కోటు ధరించిన మెకంజీ చుట్టును ముగ్గురు భారతీయులున్నారు. వారిలో ఒకరిని లక్ష్మయ్యగాను, తాళపత్రము పట్టినవానిని జైన పండితుడగు ధర్మయ్యగాను పలువురు గుర్తింతురు. ఈ గుర్తింపులపై చర్చ ఎట్లున్నను, ఒక్క సంగతి నిశ్చయము: ఆ ముగ్గురిలో ఎవరును బొర్రయ్య కారు. చిత్రము వ్రాయునాటికి ఆయన పోయి పదుమూడేండ్లయినది. ఆయన ముఖము తెలియలేదను లోటును తీర్చుకొనుటకు మరియొకరి ముఖమును ఆయనకు అంటగట్టరాదు. ఇండ్లలోని పాత ఛాయాచిత్రముల విషయమున గూడ ఇదే నియమము. చిత్రపు కాలమును ముందు నిర్ణయించి, పిదప అందలి వ్యక్తిని నిర్ణయింపవలెను.

సంవత్సరములను పొందుపరచుట

మన పాత కాగితములలో సంవత్సరము ప్రభవాది నామములతో నుండును. బొర్రయ్య జన్మసంవత్సరమగు 1776 ఉగాదితో దుర్ముఖి మొదలైనది. అది శాలివాహన శకము 1698. ఆయన పోయిన 1803 ఉగాదితో రుధిరోద్గారి మొదలైనది. అది శకము 1725. కాని దుర్ముఖి యనినంత మాత్రమున 1776 అని చెప్పరాదు. అరువదియేండ్లకు ఒకసారి అదే పేరు మరల వచ్చును గనుక 1716, 1836 సంవత్సరములును దుర్ముఖియే. శకసంఖ్య లేనప్పుడు ఒక బయటి ఆధారము కావలెను. ఆ కాగితములో పేర్కొన్న జమీందారో, కలెక్టరో, యుద్ధమో, క్షామమో ఏ అరువదియేండ్లకు చెందినదో తెలిసినచో సంవత్సరము దానంతట అదే తేలును.

ఇంకొక సూక్ష్మము కలదు. దుర్ముఖి పుష్యమాసమున గాని మాఘమున గాని పుట్టినవానికి ఆంగ్ల సంవత్సరము 1777 కావచ్చును. దుర్ముఖి 1777 ఉగాది వరకు నడచినది. వయస్సును ఇరువదియారనియు ఇరువదియేడనియు రెండు విధముల చెప్పుటకు ఇట్టి కారణములే ఉండును. దీర్ఘాయుష్మంతుని జీవితమున ఒక సంవత్సరపు తేడా గణనీయము కాదు. ఇరువదియేడేండ్ల జీవితమున, ఏడేండ్ల కొలువున, అది గణనీయము.

తెలుగువారు నివసించు ప్రాంతమును బట్టి కాలగణనము మారును. తమిళనాట సంవత్సర నామములు మనవే, కాని అచటి సంవత్సరము సౌరమానమున ఏప్రిల్ నడుమ మొదలగును. ఉగాదికిని తమిళ సంవత్సరాదికిని మధ్యనున్న దినములకు ఒకే తేదీన ఇరువురి సంవత్సరములు వేరుగా నుండును. మద్రాసు రాజధానిలోని రెవెన్యూ కాగితములలో ఫసలీ సంఖ్య నుండును. దానికి 590 చేర్చినచో ఆ ఫసలీ మొదలైన క్రీస్తుసంవత్సరము వచ్చును. ఒడిస్సాలో గజపతుల అంకములు వాడిన కాగితములను చదువువారు మరింత మెలకువతో నుండవలెను. ఆ లెక్క రెండుతో మొదలగును. ఆరుతో ముగియు సంఖ్యలను, పది తప్ప సున్నతో ముగియు సంఖ్యలను విడుచును. అందుచేత అంకసంఖ్య రాజు ఏలిన సంవత్సరముల సంఖ్య కాదు. యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండుటచేత అచటి కుటుంబములకు ఫ్రెంచి భాషలోని జనన, వివాహ, మరణ పట్టికలు ఆధారమగును. కాశీ, గయలకు పోయిన పూర్వుల పేర్లు అచటి పండాల పుస్తకములలో దొరకవచ్చును. అందు విక్రమశకము వాడుక గనుక క్రీస్తుసంవత్సరము కొరకు 57 గాని 56 గాని తీసివేయవలెను.

మిగిలినదేమి?

ఈ సాక్ష్యములను ఒకచోట చేర్చి చూచినచో బొర్రయ్య జీవితము ఇట్లు నిలుచును. 1776లో ఏలూరున జననము. 1796 ప్రాంతమున, ఇరువదవ యేట, మెకంజీ కొలువు. 1799 తరువాత మైసూరు సీమలో సర్వేతోపాటు సంచారము, శాసనములు, కైఫీయతులు, మతవృత్తాంతముల సేకరణ. 1803లో మరణము. 1807 నాటి సంపుటమున అనువాదకుడుగా పేరు. 1817లో దొరగారి కృతజ్ఞత. 1829లో తమ్ముని స్మరణము. ఏడు పంక్తులలో ముగిసిన ఈ పట్టికలో కడపటి మూడును ఆయన పోయిన తరువాతివి. ఆయన జీవితము మనకు తెలియుటకు కారణము ఆయన బ్రతికినన్నినాళ్ళు వ్రాసికొన్నది కాదు. ఆయనతో పనిచేసినవారు ఆయన పేరును విడువకుండుట.

ఆయన పనికి నిజమైన కొనసాగింపు తమ్ముని కొలువులో కనబడును. బొర్రయ్య స్థానమునకు లక్ష్మయ్య వచ్చి, మెకంజీ సేకర్తలందరికి ముఖ్యుడై, నివేదికలు పంపుచు అనేక సంవత్సరములు పనిచేసెను. కుటుంబ పత్రములలో ఒక ఉద్యోగము అన్ననుండి తమ్మునికి హఠాత్తుగా మారినచో, ఆ మార్పు వెనుక ఒక మరణమున్నదేమో యని చూడవలెను. పెక్కు ఇండ్లలో అల్పాయుష్కుని జాడ అట్టి సందులోనే దొరకును.

మెకంజీ మరణానంతరము ఆ సంగ్రహమును కంపెనీవారు ఆయన భార్యనుండి లక్ష రూపాయలకు కొనిరి. విల్సన్ పండితుడు 1828లో దాని వివరణ పట్టికను ప్రకటించెను. 1,568 గ్రంథములు, 8,076 శాసన ప్రతులు అందు లెక్కింపబడినవి. వానిలో ఒక భాగము నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునను, మరియొక భాగము లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోను ఉన్నవి. తెలుగు గ్రామముల కైఫీయతులను చదువు ప్రతివాడును, తెలిసియో తెలియకయో, బొర్రయ్య నేర్పిన పద్ధతి ఫలమును అనుభవించుచున్నాడు. అయినను మెకంజీ పోయిన తరువాత ఆ పనిని తానే కొనసాగింతునని లక్ష్మయ్య కోరగా, 1836లో ఏషియాటిక్ సొసైటీ పక్షమున అట్టి కార్యమునకు స్వదేశీయుడు చాలడను అభిప్రాయము వెలువడెను. సంగ్రహమునకు దొరగారి పేరు నిలిచినది. సేకరించినవారి పేర్లు అడుగున పడిపోయినవి. వానిని పైకి తెచ్చుటకు ఆ కుటుంబమువాడే వ్రాసిన పుస్తకము ఒకటి మిగిలియుండుట ఎంత మేలైనదో దీనిచేత తెలియును.

స్వస్థలమునకు దూరముగా తరతరములు గడపిన కుటుంబములకు ఇందలి పాఠము స్పష్టము. ఊరిలోనున్నవారికి గుడి, చెరువు, పొలము, ఇరుగుపొరుగు జ్ఞాపకమునకు తోడుపడును. ఫలానివారి పెద్దకొడుకు ఇచటనే పోయెనని ఊరు చెప్పును. పరప్రాంతమున ఆ ఊరు లేదు. ఇంటి కాగితమే ఊరు. భాష సయితము మారిన యిండ్లలో తాత వ్రాసిన తెలుగు అక్షరములను మనుమడు చదువలేని స్థితి వచ్చినప్పుడు, ఆ కాగితము ఉండియు లేనట్లే యగును.

కావున చేయదగిన పనులు కొన్ని కలవు. జాతకములు, మహాలయపు పట్టికలు, తద్దినపు తిథులు, శుభలేఖలు, దస్తావేజులు, తాళపత్రముల చివరనుండు లేఖకుని వాక్యములు, వీనిని చదువగల పెద్దలుండగనే వేరొక ప్రతి వ్రాయింపవలెను. సంవత్సర నామము ప్రక్కన శకసంఖ్యను, క్రీస్తుసంవత్సరమును చేర్చవలెను. మూలములోని మాటను మాత్రము చెరుపరాదు. ఒకే పేరుగల ఇద్దరిని కలిపివేయక వారి వారి తండ్రుల పేర్లతో వేరుచేయవలెను. విన్నదానిని విన్నదనియు, చదివినదానిని చదివినదనియు వేర్వేరుగా గుర్తింపవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, సంతానము లేక పోయినవారిని, చిన్న వయస్సున పోయినవారిని, అట్టి స్త్రీలను గూడ, వంశవృక్షమునుండి కత్తిరింపరాదు. కాన్పులో పోయిన ఆడపడుచు పేరు, పెండ్లికాక పోయిన పినతండ్రి పేరు, మరియొక తరమునకు ఏమి చెప్పునో నేడు తెలియదు.

బొర్రయ్య కొలువు ఏడేండ్లది. ఆ ఏడేండ్లను గూర్చి తమ్ముడు ఒక వృత్తాంతమును, కొలువిచ్చినవాడు కొన్ని వాక్యములను వ్రాయకున్నచో, ఆయన నేడు ఒక సంపుటపు శీర్షికలో తప్పు అక్షరములతో అచ్చైన పేరు మాత్రమే అయియుండును. ప్రతి కుటుంబమునను అట్టి పేరు ఒకటి యుండును. దానిని పలుకగలవారు ఉన్నప్పుడే వ్రాసి ఉంచుట వంశమునకు చేయదగిన కనీస ధర్మము.